లయజ్ఞుడు జో మొరెల్లో

సంగీతమునకు శ్రుతి తల్లి వంటిది, లయ తండ్రి వంటిది అని పెద్దలు చెప్పుదురు. పాడువాని గొంతు ఎంత మధురమైనను తాళము తప్పినచో ఆ పాట రక్తి కట్టదు. బోనాల పండుగనాడు డప్పు మ్రోగినను, పెండ్లిపందిరిలో నాదస్వరము వెంట డోలు మ్రోగినను, కచేరీలో మృదంగము పలికినను వినువారి పాదములు తమంత తామే కదలును. ఐనను సభలోని వారి చూపులు సామాన్యముగా గాయకునిపై నిలుచునే కాని లయవాద్యమును వాయించువానిపై నిలువవు. అతడు వెనుకగా కూర్చుండి, తోడివారి సంగీతమును చెవియొగ్గి విని, దానిని పడిపోకుండ నిలబెట్టును. అట్టి పనిని అరువది సంవత్సరములకు పైగా చేసి, పుట్టుకతో వచ్చిన దృష్టిలోపమును లెక్కచేయక, దేశదేశములందు పేరు గడించిన అమెరికా వాద్యకారుడు జో మొరెల్లో.

మొరెల్లో 1928వ సంవత్సరము జూలై 17వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో జన్మించెను. అతని పూర్తి పేరు జోసెఫ్ ఆల్బర్ట్ మొరెల్లో. పుట్టినది మొదలు అతని కన్నులకు చూపు మిక్కిలి తక్కువగా నుండెను. దళసరి అద్దములు పెట్టుకొన్నను దూరమున నున్న వస్తువులు స్పష్టముగా కనబడెడివి కావు. ఈడు పిల్లలతో కూడి ఆటలాడుట అతనికి సాధ్యము కాలేదు. తలిదండ్రులు కుమారుని స్థితికి చింతించుచు ఊరకుండలేదు. కన్ను చేయలేని పనిని చెవి చేయగలదని గ్రహించి, అతనిని సంగీతమునందు ప్రోత్సహించిరి.

ఆరవ యేట బాలుడు ఫిడేలు చేపట్టెను. మూడు సంవత్సరములలోనే ఆ విద్యలో అతడు చూపిన ప్రజ్ఞ పెద్దలను ఆశ్చర్యపరచెను. తొమ్మిదవ యేట, ప్రసిద్ధమైన బోస్టన్ సింఫనీ వాద్యబృందముతో కూడ మెండెల్సన్ అను జర్మను స్వరకర్త రచించిన ఫిడేలు కృతిని వాయించెను. మూడేండ్ల తరువాత మరల ఆ బృందముతోనే వాయించు భాగ్యము అతనికి కలిగెను. ఈ బాలుడు గొప్ప ఫిడేలు విద్వాంసుడు కాగలడని అందరును తలంచిరి. అతడును అట్లే తలంచెను.

ఆ కాలమున ఫిడేలు వాద్యమున జాషా హైఫెట్జ్ ప్రపంచమున అగ్రగణ్యుడుగా నుండెను. మొరెల్లోకు అతడు ఆరాధ్యదైవము. పదునైదవ యేట మొరెల్లో ఆ మహావిద్వాంసుని కలిసికొని అతని వాద్యమును వినెను. ఆ నాదము బాలుని హృదయమున ఆనందముతో పాటు ఒక కఠిన సత్యమును కూడ నాటెను. తాను ఎంత శ్రమించినను ఫిడేలుపై అట్టి నాదమును పలికింపజాలనని అతనికి తోచెను. తొమ్మిదేండ్లు సాధన చేసిన విద్య! తలిదండ్రుల ఆశలు, ఊరివారి మెప్పు, సొంత కలలు అన్నియు ఆ తంత్రులతో ముడిపడి యున్నవి. అట్టిదానిని విడుచుట పదునైదేండ్ల బాలునకు సులభము కాదు. ఐనను తన శక్తిని తానే నిష్పక్షపాతముగా తూచుకొని, అతడు ఫిడేలును ప్రక్కన పెట్టెను. సంగీతమును మాత్రము విడువలేదు. లయవాద్యము వైపు మరలి, మొదటి పాఠము నుండి మరల విద్యార్థి యయ్యెను.

స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున నాటకశాలలో డోలు వాయించు జో సెఫ్‌సిక్ అను నతడు ఇతని తొలి గురువు. మంచి గురువునకు రెండు లక్షణములు కావలెను. తనకు తెలిసినది దాచక చెప్పవలెను. తనకంటె తెలిసినవానియొద్దకు శిష్యుని పంపుటకు వెనుదీయకుండవలెను. ఈ రెండును సెఫ్‌సిక్ నందు కలవు. కొంతకాలము నేర్పిన పిదప అతడు మొరెల్లోను బోస్టన్ నగరమున నున్న జార్జి లారెన్స్ స్టోన్ అను మహోపాధ్యాయుని యొద్దకు పంపెను. బోస్టన్ స్ప్రింగ్‌ఫీల్డునకు సుమారు 90 మైళ్ళ దూరమున నున్నది. చూపు చాలని ఆ యువకుడు పాఠము కొరకు అంత దూరము పోయి వచ్చుచుండెను.

స్టోన్ 1935లో ప్రకటించిన ఒక అభ్యాస గ్రంథము లయవాద్యము నేర్చువారికి నేటికిని పెద్దబాలశిక్ష వంటిది. కుడిచేతి దెబ్బలు, ఎడమచేతి దెబ్బలు వివిధ క్రమములలో కూర్చిన వరుసలు అందు నిండియుండును. రెండు చేతులకును సమానమైన బలమును, నేర్పును కలిగించుట దాని ఉద్దేశము. ఇతర శిష్యులు ఆ వరుసలను ఉన్నవి ఉన్నట్లు సాధన చేయుచుండగా, మొరెల్లో వానిలో అచ్చటచ్చట ఒక దెబ్బను గట్టిగా, ఒక దెబ్బను మెల్లగా వేసి క్రొత్త అందము తెచ్చి గురువునకు వినిపించెడివాడు. గురువు దానిని ధిక్కారముగా తలంపక సంతోషించెను. ఆ మార్గమును విస్తరించి స్టోన్ మరియొక గ్రంథమును రచించి, 1961లో దానిని మొరెల్లోకు అంకితము చేసెను. శిష్యుడు గురువునకు గ్రంథమును అంకితమిచ్చుట లోకమున తరచుగా చూచునదే. గురువే శిష్యునకు అంకితమిచ్చుట అరుదు.

శాస్త్రీయ వాద్యబృందమున చేరవలెనని మొరెల్లో కోరుచుండెను. స్టోన్ అతని ప్రతిభను పరికించి, అతనికి తగిన రంగము జాజ్ సంగీతమని బోధపరచెను. జాజ్ అనునది ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దక్షిణ ప్రాంతమున, న్యూ ఆర్లియన్స్ నగరములో నల్లజాతి ప్రజల నడుమ రూపుదాల్చిన సంగీతము. ఒకనాడు బానిసత్వము ననుభవించిన వారి సంతతివారు తమ దుఃఖమును, భక్తిని, ఉల్లాసమును అందు నింపిరి. మన సంగీతమున మనోధర్మమునకు ఎట్టి స్థానము కలదో జాజ్ నందును అట్టి స్థానమే కలదు. మొదట అందరును కలిసి ఒక వరుసను వాయింతురు. పిమ్మట ఒక్కొక్కరు దానిని తమ కల్పనతో పెంచి, తిరిగి మొదటి వరుసకు వత్తురు. మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనము చేసినట్లు, డోలు వాయించువానికి కూడ ఒంటరిగా తన విద్యను చూపు అవకాశము లభించును.

జాజ్ వాద్యకారుని ముందుండునది ఒక్క వాద్యము కాదు, పెక్కు వాద్యముల కూటమి. ఒక కాలితో మీట త్రొక్కినచో పెద్ద డోలు మ్రోగును. రెండవ కాలితో త్రొక్కినచో కంచుతాళముల జంట ఒకదానితో నొకటి తాకును. ఎదుట నున్న చిన్న డోలుపై రెండు పుల్లలును నాట్యమాడును. చుట్టును మరికొన్ని డోళ్ళు, నిలువు కడ్డీలపై అమర్చిన పెద్ద కంచుతాళములు ఉండును. రెండు చేతులును రెండు కాళ్ళును ఒకే క్షణమున నాలుగు వేర్వేరు పనులు చేయవలెను. ఇన్నింటి నడుమ చెవి మాత్రము తోడివారి పాటపైననే నిలిచి యుండవలెను. ఈ విద్యలో అతిధ్వని చేయుట సులభము. అణకువతో పలికించుట కష్టము.

1952లో మొరెల్లో న్యూయార్కు మహానగరమునకు పోయెను. అచ్చట నుండు వాద్యకారులకు లెక్కలేదు; అవకాశములు మాత్రము కొలది. కొంతకాలము వివిధ బృందములలో వాయించిన పిదప, మేరియన్ మెక్‌పార్ట్‌లండ్ అను పియానో విదుషీమణి బృందమున అతనికి స్థానము లభించెను. హికరీ హౌస్ అను భోజనశాలలో ఆ ముగ్గురి బృందము ప్రతిరాత్రి వాయించుచుండెను. విరామ సమయమున ఇతరులు కబుర్లు చెప్పుకొనుచుండగా, మొరెల్లో ఒక మూల బల్లపై చేతిగుడ్డను మడిచి పరచి, దానిపై పుల్లలతో మెల్లగా సాధన చేసెడివాడు. నగరములోని ఇతర డోలు వాద్యకారులు వచ్చి అతని చేతుల కదలికను విస్మయముతో చూచెడివారు. ఆ సాధన క్రమక్రమముగా అతని పేరును నగరమంతట వ్యాపింపజేసెను.

ఆ దినములలో డేవ్ బ్రూబెక్ అను పియానో విద్వాంసుని నలుగురి బృందము ఖ్యాతి గడించుచుండెను. 1956లో బ్రూబెక్ మొరెల్లోను తన బృందమునకు ఆహ్వానించెను. మొరెల్లో వెంటనే అంగీకరింపలేదు. ఆ బృందము కచేరీని అతడు అంతకుముందే వినియుండెను. దీపకాంతి యంతయు పియానో పైనను సాక్సొఫోన్ పైనను పడుచుండగా, డోలు వాయించువాడు చీకటిలో నుండుట గమనించియుండెను. లయవాద్యమునకు కూడ తగిన గౌరవము లభించినచో వత్తునని అతడు స్పష్టముగా చెప్పెను. బ్రూబెక్ అందులకు సమ్మతించెను.

కాని బృందములో సాక్సొఫోన్ వాయించు పాల్ డెస్మండ్‌కు ఈ ఏర్పాటు రుచింపలేదు. తన సున్నితమైన వాద్యమునకు డోలు మెల్లగా తాళము వేసిన చాలునని అతని అభిప్రాయము. చికాగో నగరమున జరిగిన తొలి కచేరీలో మొరెల్లో ఒంటరిగా వాయించినంతనే సభ యంతయు లేచి కరతాళధ్వనులు చేసెను. డెస్మండ్ అలిగి వేదిక నుండి వెడలిపోయెను. మొరెల్లో ఉన్నచో తాను ఉండనని పట్టుబట్టెను. బ్రూబెక్ ఇరువురిలో నెవ్వరిని విడువక, ఓర్పుతో ఇద్దరిని నిలుపుకొనెను. మొరెల్లో కూడ గెలిచితినని విర్రవీగలేదు. డెస్మండ్ వాయించునప్పుడు అతని నాదమును కప్పివేయక, దానికి వెనుకనుండి ఊతమిచ్చెను. కాలక్రమమున వారిరువురును మంచి మిత్రులైరి. ఈ మైత్రి నుండియే తరువాత ఆ బృందమునకు అత్యంత కీర్తి తెచ్చిన కృతి పుట్టెను.

1958లో అమెరికా విదేశాంగ శాఖ ఆ బృందమును దేశాంతర యాత్రకు పంపెను. ఆ యాత్రలో వారు పోలండు, టర్కీ, భారతదేశము, సింహళము, పాకిస్తాను, ఆఫ్ఘనిస్తాను, ఇరాను, ఇరాకు దేశములను దర్శించిరి. అప్పటికి బేస్ అను పెద్ద తంత్రీవాద్యమును వాయించు యూజీన్ రైట్ బృందమున చేరియుండెను. టర్కీలోని ఇస్తాంబూలు వీథులలో కొందరు వాద్యకారులు తొమ్మిది అక్షరముల తాళమును రెండు, రెండు, రెండు, మూడుగా విరిచి వాయించుచుండగా వారు వినిరి. పాశ్చాత్యులకు సామాన్యముగా నాలుగు లేక మూడు అక్షరముల తాళములే అలవాటు. ఆ క్రొత్త నడక వారి మనస్సులను ఆకర్షించెను.

మన దేశమున వారికి అంతకు మించిన వింత ఎదురయ్యెను. మద్రాసు నగరమున మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళైతో కూడి వాయించు అవకాశము మొరెల్లోకు కలిగెను. పిళ్ళై ఎడమచేతి వాటము కలవాడు. ఆనాటి మృదంగ విద్వాంసులలో అగ్రశ్రేణికి చెందినవాడు. ఒకరి భాష ఒకరికి తెలియదు. ఒకరి వాద్యము పుల్లలతో మ్రోగునది. ఒకరిది వ్రేళ్ళతోను అరచేతితోను పలుకునది. ఐనను లయ వారి నడుమ దుబాసియై నిలిచెను. ఐదు, ఏడు అక్షరముల తాళములను మన పిల్లలు సంగీత పాఠముల తొలిదశలోనే చేతితో వేసి నేర్తురు. అమెరికాలో మహావిద్వాంసులు సైతము తడబడు ఆ లెక్కలు ఇచ్చట నిత్యవ్యవహారములై యుండుట బృందమువారికి ఆశ్చర్యము గొలిపెను.

స్వదేశమునకు మరలిన పిదప, అలవాటు లేని తాళములతోనే ఒక సంగీత సంపుటమును చేయవలెనని బ్రూబెక్ నిశ్చయించెను. మొరెల్లో అంతకుముందు నుండియే కచేరీలలో తన ఒంటరి వాద్యమునకు ఐదక్షరముల నడకను వాడుచుండెను. దానికి తగిన వరుసను కల్పింపుమని బ్రూబెక్ డెస్మండును కోరెను. ఒకనాడు మొరెల్లో ఉన్న చోట నుండనన్న డెస్మండే మొరెల్లో నడకకు స్వరములు కూర్చెను. ఆ కృతియే 'టేక్ ఫైవ్'. మన ఖండచాపు తాళమున ఐదక్షరములు రెండు, మూడుగా విరుగును. ఈ కృతిలో అవి మూడు, రెండుగా విరుగును.

1959 జూన్ 25వ తేదీన ఆ కృతిని ముద్రింప మొదలిడిరి. ఎన్ని పర్యాయములు యత్నించినను తాళము తప్పుచుండెను. నాటికి విరమించుకొని, మరల జూలై 1వ తేదీన వాయించి కృతార్థులైరి. కృతి మధ్య పియానో ఒకే చిన్న వరుసను విడువక మ్రోయుచుండగా, దానిపై మొరెల్లో తొందరపాటు లేక, దెబ్బకును దెబ్బకును నడుమ నిశ్శబ్దమునకు చోటిచ్చుచు వాయించెను. ఇట్టి వింత తాళములు జనులకు నచ్చవని ముద్రణ సంస్థలో కొందరు శంకించిరి. కాని 'టైమ్ అవుట్' అను ఆ సంపుటము పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయెను. 1961లో ఏడక్షరముల తాళముతో మరియొక కృతిని ముద్రించిరి. మిక్కిలి క్లిష్టమైన ఆ కృతి తప్పు లేక ముగిసినందులకు మొరెల్లో నవ్విన నవ్వు ఆ ముద్రణ చివర నేటికిని వినబడును.

ఆ బృందమున లయభారమును మోయువారు మొరెల్లో, యూజీన్ రైట్. రైట్ నల్లజాతివాడు. 1960లో దక్షిణ రాష్ట్రముల విద్యాసంస్థలలో 25 కచేరీలకు ఏర్పాటు జరిగెను. రైట్ స్థానమున తెల్లజాతివానిని తీసికొని రావలెనని పెక్కు సంస్థలు కోరగా బ్రూబెక్ తిరస్కరించెను. 23 కచేరీలు రద్దయ్యెను. ధనము పోయెను కాని బృందము చీలలేదు. మొరెల్లో, రైట్ ప్రక్కప్రక్కనే నిలిచి 1967 వరకు ఆ బృందమునకు తాళము వేసిరి.

1963లో న్యూయార్కులోని కార్నెగీ హాలున జరిగిన కచేరీలో మొరెల్లో ఒంటరిగా వాయించిన భాగము నేటికిని విద్యార్థులకు పాఠ్యము వంటిది. అతడు పుల్లలనే కాక వ్రేళ్ళను, అరచేతులను కూడ డోలుపై ప్రయోగించెడివాడు. ఒక్క ఎడమచేతితోనే ఎడతెగని ధ్వనిధారను కల్పించెడివాడు. ఐనను అతని భుజములు బిగుసుకొనుట ఎవ్వరును చూడలేదు. బలముతో కాక, పుల్ల తనంత తాను ఎగిరివచ్చు గుణమును వాడుకొని వాయించుట అతని రహస్యము.

1967 చివర బ్రూబెక్ బృందము విడిపోయెను. అప్పటికి మొరెల్లోకు నలువది యేండ్లు నిండలేదు. నిత్య ప్రయాణముల కంటె బోధన మేలని తలంచి, అతడు ఉపాధ్యాయ వృత్తిని అవలంబించెను. ఊరూర శిక్షణ సభలు నడపి వేలకొలది యువకులకు మెళకువలు చూపెను. డానీ గాట్లీబ్, మాక్స్ వైన్‌బర్గ్ వంటి ప్రసిద్ధులు అతని శిష్యులు. 1983లో తన అభ్యాసములను ఒక గ్రంథముగా ప్రకటించెను. స్టోన్ తనకు నేర్పినదానిని తాను పెంచి లోకమునకు తిరిగి ఇచ్చి, గురుఋణము తీర్చుకొనెను.

1976లో పాత బృందము మరల కలిసి కచేరీలు చేసెను. ఆ దినములలోనే మొరెల్లో నేత్రవ్యాధి ముదిరెను. చిన్ననాటి నుండి మసకగా కనబడుచుండిన లోకము క్రమముగా పూర్తిగా చీకటియయ్యెను. ఇట్టి స్థితిలో మరియొకడైనచో వాద్యమును మూలకు చేర్చియుండును. మొరెల్లో ఇంట కూర్చుండలేదు. శిష్యుడు వాయించుచుండగా కదలికను చూడనక్కరలేకయే, నాదమును విని అతని మణికట్టు బిగిసినదో, వ్రేలు జారినదో చెప్పగలిగెడివాడు. కన్ను పోయిన పిదప కూడ పుల్ల డోలుపై పడవలసిన చోటనే పడెను. 1988లో లయవాద్యకారుల ప్రముఖ పత్రిక తన కీర్తిమందిరమున అతని పేరు చేర్చెను. 1993లో లయవాద్యకారుల సంఘము కూడ అట్లే గౌరవించెను.

2011వ సంవత్సరము మార్చి 12వ తేదీన, ఎనుబది రెండవ యేట, జో మొరెల్లో న్యూజెర్సీ రాష్ట్రములోని ఇర్వింగ్టన్ పట్టణమున స్వగృహమునందు తనువు చాలించెను. బ్రూబెక్ బృందముతో అతడు వాయించిన ముద్రణలు అరువదికి పైగా కలవు.

తనకు సాధ్యము కానిదానిని గుర్తించి విడుచుటకు ధైర్యము కావలెను. సాధ్యమైనదానిని తుదివరకు పట్టుకొనుటకు ఓర్పు కావలెను. మొరెల్లో యందు ఈ రెండును కలవు. అతడు వేదికపై తోడివారిని ముందు వినెను, పిదప వాయించెను. నలుగురు కలిసి చేయు ఏ పనిలోనైనను ఇతరులను విని తన పాలు నెరవేర్చుట నేర్చుకొనువారికి ఈ లయజ్ఞుని జీవితము మార్గదర్శకము.